చింతపండుతో తోమిన పెట్టె

మార్చి 3, సోమవారం

ఈ రోజు గుడి కమిటీ మీటింగులో మా ఆయన శ్రీ బసవపున్నయ్య గారు సీతమ్మవారికి నాలుగు పేటల బంగారు హారం ప్రకటించారు. శ్రీరామనవమి కల్యాణంలో అమ్మవారి మెడలో వేస్తారట. గుడి గోడకు నల్లరాయి పెట్టి ఆయన పేరు చెక్కిస్తారట. అందరూ చప్పట్లు కొట్టారని ఇంటికి వచ్చి మూడుసార్లు చెప్పారు.

ఆ హారం మా అమ్మది. పోయేముందు నా మెడలో వేసింది. ఆయన మెడలో వేసినట్టు నాకు గుర్తు లేదు.

"నన్నొక మాట అడగాల్సింది" అన్నాను.

"దేవుడికిచ్చేదానికి అడగడమేమిటి ప్రమీలా? నువ్వు కాదంటావా?"

ముప్పైనాలుగేళ్ళు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. జవాబు అందులోనే పెట్టి ఇలాంటి ప్రశ్న ఇస్తే వెనక బెంచీవాళ్ళు కూడా నవ్వేవారు.

హారం మనవరాలు పద్మప్రియకు అనుకున్నాను. అనుకున్నానే గాని నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. గోడకు రాయి పెట్టించలేదు.

మార్చి 4

ఇత్తడి సామానంతా తోమించాను. మా ఇంట్లో పనిచేసే జంపక్క చింతపండు నానబెడుతూ, "ఉగాది ఇంకా నెల దగ్గరికున్నది గదా టీచరమ్మా, గిప్పుడేంది?" అని అడిగింది. నల్లబడ్డాయి అన్నాను. దేవుడి గదిలోని ఇత్తడి పెట్టె కూడా ఇచ్చాను. లోపలా బయటా తోమి, కడిగి, పొడిబట్టతో తుడిచి తెచ్చి పెట్టింది. ముఖం చూసుకోవచ్చు.

మార్చి 6

హారం పోయింది.

కమిటీ పెద్దలు ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చి, కాఫీ ఇప్పించి, "చూడండి" అని మా ఆయన హారం ఉండే ఇత్తడి పెట్టె మూత తీశారు. వాళ్ళు చూశారు. పెట్టె చాలా శుభ్రంగా ఉంది. ఎంతసేపు చూసినా అంతకు మించి చూడడానికి ఏమీ లేదు.

వాళ్ళు గడప దిగకముందే ఆయన ఎస్సై తిరుపతికి ఫోన్ చేశారు. "మా ఇంట్లోకి వచ్చేది ఆ జంపక్క ఒక్కతే" అని కూడా చెప్పారు. అడక్కముందే.

మార్చి 7

వేలిముద్రలు తీసే పోలీసుల క్లూస్ టీమ్ వచ్చింది. ముగ్గురు. వాళ్ళలో ఒకమ్మాయి చెప్పులు బయట విడిచి, "మేడమ్, నేను చాంది. జూలూరుపాడు. బైపీసీ, మీ లాస్ట్ బ్యాచ్" అంది. ముఖం గుర్తు రాలేదు, చేతిరాత గుర్తొచ్చింది. ఆ బ్యాచ్ ప్రీఫైనల్ పేపర్ల కట్ట ఇంకా నా ట్రంకు పెట్టెలో ఉంది. పాత సామాన్లవాడికి వెయ్యబుద్ధి కాలేదు.

మెత్తని కుంచెతో నల్లపొడి అద్దారు. గది చీకటి చేసి, నారింజ రంగు కళ్ళద్దాలు పెట్టుకుని, నీలం లైటు వేసి చూశారు. మా ఆయన కూడా ఒక జత అడిగి పెట్టుకున్నారు. కాసేపు చాలా బాగుంది.

తర్వాత ఇంట్లోవాళ్ళందరి వేళ్ళూ కావాలన్నారు. నావి గాజు మిషన్ మీద పెడితే రెండుసార్లు కాదంది. "గీతలు అరిగినయ్ మేడమ్" అంది చాంది. యాసిడ్లు, సుద్దముక్కలు, అరవైతొమ్మిదేళ్ళు. జంపక్కవీ పడలేదు. "రేషన్ షాపుల గూడ గింతే" అంది జంపక్క, మిషన్‌ను క్షమించినట్టు. మూడేళ్ళుగా ఆమె వేలు అక్కడ పడడం లేదు. అశ్వారావుపేట వైపు పామాయిల్ గెలలు కోసే పని మానుకొని ఆమె మొగుడు బొజ్జయ్య వస్తేనే ఆ ఇంటికి బియ్యం.

చివరికి మా ఇద్దరికీ సిరా పూసి కాగితం మీద తీసుకున్నారు. ఒకే స్టాంపు ప్యాడ్. ఆమె తర్వాత నేను.

మార్చి 8

హారం పోలేదు. నా ట్రంకు పెట్టెలో ఉంది.

మార్చి 9

నిన్న రాసింది మళ్ళీ చదివాను. అవును, నేనే తీశాను. నా హారం నేను తీసుకుంటే దాన్ని దొంగతనం అంటారో లేదో నిఘంటువులో చూడాలి.

అనుకున్నది ఇది. రెండు రోజులు ఇల్లంతా వెతుకుతారు, పెద్దల ముందు చిన్నబోతారు, ఊరుకుంటారు. నవమి వెళ్ళాక హారం దానంతట అదే దొరుకుతుంది. మంగళవారం పొద్దున, ఆయన నడకకు వెళ్ళినప్పుడు తీసి, చేతికందిన పాత పరీక్ష పేపరులో చుట్టి, ట్రంకులో అడుగున పెట్టాను. పెట్టె మీద నా వేళ్ళుంటాయని తోచింది. కెమిస్ట్రీ వచ్చిన మనిషిని కదా. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, జిడ్డూ మకిలీ పోతాయి. అందుకే ఉగాది నెలముందే వచ్చింది.

తోమిన మనిషి వేళ్ళు తోమిన తర్వాత పడతాయన్న సంగతికి కెమిస్ట్రీ అక్కర్లేదు. అందుకే తోచలేదు కాబోలు.

మార్చి 11

ఎస్సై వచ్చాడు. కుర్చీలో వెనక్కి వాలి చెప్పాడు.

"పెట్టె మీద ఇద్దరి వేళ్ళున్నయ్ మేడమ్. మూత మీద సార్‌వి. లోపట మాత్రం ఒక్కరివే. ఏడు ముద్రలు. మీ పనామెవి."

"నావి?"

"ఒక్కటి గూడ లేదు. మీ పెట్టెల మీ వేలే లేదంటే చూడుండ్రి, ఎంత మంచిగ తుడిచిందో."

నా పెట్టెలో నా వేలు లేకపోవడం అనుమానించాల్సిన విషయం. తిరుపతి దాన్ని మెచ్చుకోవాల్సిన విషయంగా తీసుకున్నాడు.

"ఆమె ఏమంటదంటే, మీరే తోమమన్నరంట. ఖాళీ పెట్టె ఇచ్చిండ్రంట. నిజమేనా మేడమ్?"

"పండగ ముందు ఇత్తడి తోమించడం మా ఇంట్లో అలవాటే" అన్నాను.

అబద్ధం కాదు. జవాబూ కాదు. అతను రాసుకున్నాడు. మా ఆయన తల ఊపారు. మూడేళ్ళుగా రేషన్ మిషన్‌కు దొరకని వేలు నా పెట్టెలో ఏడుచోట్ల దొరికింది.

మార్చి 12

ఆడవాళ్ళను పొద్దుగూకాక స్టేషన్లో ఉంచకూడదట. అందుకని జంపక్కను పొద్దున ఆరింటికి రమ్మని, సాయంత్రం ఐదింటికి పంపుతున్నారు. చట్టాన్ని ఇంత శ్రద్ధగా పాటించడం నేనెక్కడా చూడలేదు.

గిన్నెలు నేనే కడిగాను. రేపు వెళ్ళి చెబుతాను.

మార్చి 13

మోకాలు నొప్పి. రేపు.

మార్చి 14

హోలీ. ఎస్సై రంగుల్లో ఉంటాడు. ముఖం గుర్తుపట్టలేని మనిషికి ఏం చెబుతాం. రేపు.

మార్చి 16

చాంది వచ్చింది, సెలవు రోజని. గారెలు వేశాను. నా చేతులకు పని కావాలి.

"కంప్యూటర్ దొంగ ఎవరో చెప్పదు మేడమ్" అంది, నేను అడిగినదానికి. "పోలికల లెక్కన పేర్లు వరుస పెడ్తది. ఎక్కువ కలిసినోళ్ళు పైన. ఆఖరికి మేమే కండ్లతో చూసి తేల్చాలె."

ర్యాంకుల పిచ్చి అక్కడికీ పాకిందన్నమాట.

"మీ పెట్టెల మూత బందు దగ్గర చింతపండు తగల్లేదు మేడమ్. అక్కడ పాత ముద్ర ఒకటి దొరికింది. చెమటల ఉప్పు ఇత్తడిని తింటది గదా, పైన తుడిచినా తిన్న జాగ పోదు. కరెంటు పెట్టి సన్న పొడి చల్లితే గీతలు లేచినయ్. దాని మీదనే జంపక్కది పడ్డది. రెండు కలగలిసి ఒకటే మచ్చ లెక్క ఉండె. మొన్నమొన్నటిదాక అట్లాంటివి పారేసేటోళ్ళం. ఇప్పుడు కంప్యూటర్ ఏ గీత ఎటు పోతున్నదో చూసి విడదీస్తున్నది, చిక్కుపడ్డ దారాల్ని విప్పినట్టు."

"పాతది ఎవరిది?"

"మీదే మేడమ్."

గారె నూనెలో ఎర్రబడింది. తీశాను.

"ఏ రోజుదో తెలుస్తుందా?"

"తెలవదు. నమ్మకంగ ఎవ్వరూ చెప్పలేకపోతున్నరు ఇంకా. ఎవరిది అన్నది మేం చెప్తం. ఎప్పుడు, ఎందుకు అన్నది మనుషులే చెప్పుకోవాలె." గారె తుంచుతూ, "పెట్టె ఎప్పుడు తోమిండ్రు మేడమ్? హారం ఉన్నప్పుడా, పోయినంకనా?" అంది.

"గుర్తు లేదమ్మా."

గారెలు నాలుగు డబ్బాలో పెట్టి ఇచ్చాను. మంచి విద్యార్థి. ఏ ప్రశ్న అడగాలో నేనే నేర్పాను.

మార్చి 18

పొద్దున్నే గేటు దగ్గర జంపక్క. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"ఇప్పపువ్వు పడుతున్నది టీచరమ్మా. పదిహేను, ఇరవై రోజులు పడ్తది, మల్ల యాడాది దాక లేదు. తెల్లారగట్ల ఏరుకోవాలె, ఎండెక్కితే పశువులు తింటయ్. నేను ఆరింటికి స్టేషన్ల బల్ల మీద కూసుంటున్న."

"బొజ్జయ్య ఏరడా?"

"ఆయన గెలలకు పోతడు. ఇద్దరం కూసుంటే ఏం తింటం?"

నేను గేటు గడియ పట్టుకుని నిలబడ్డాను. గడియ మీద నా వేళ్ళు స్పష్టంగా పడి ఉంటాయి.

"మీరు తోమమన్నరు గదా టీచరమ్మా. ఖాళీ పెట్టె ఇచ్చిండ్రు గదా. మర్చిపోయిండ్రా?"

గడియ ఓసారి వేసి, తీశాను.

"మర్చిపోతే మర్చిపోయిన్నని చెప్పుండ్రి సార్లకు. గదన్న చెప్పుండ్రి."

వెళ్ళిపోయింది. ఆమె తిట్టి ఉంటే నాకు జవాబు ఉండేది. తిట్లకు జవాబు చెప్పడంలో నాకు మంచి పేరుంది.

మార్చి 19

సాయంత్రం ఎస్సై మా వసారాలో మా ఆయనతో మాట్లాడుతుంటే విన్నాను. జంపక్క పుట్టిల్లు చర్ల అవతల, అడవిలో ఊరని తెలిసిందట. "చర్ల అవుతల అంటే అన్నలు తిరిగే జాగ, మేం ఊకోం గదా సార్. ఎవరెవరు వస్తున్నరు, పోతున్నరు, అన్నీ అడగాలె. శుక్రవారం రిమాండ్‌కు పంపిస్త. హారం దానంతట అదే బయటికొస్తది."

రేపు గురువారం.

ఇదే మాట నేను కూడా అనుకున్నాను. హారం దానంతట అదే దొరుకుతుందని.

మార్చి 20

హారం మెడలో వేసుకున్నాను. పన్నెండేళ్ళ తర్వాత. అది చుట్టిన కాగితాన్ని వంటింటి పట్టకారుతో పట్టుకుని కవర్లో వేశాను. మా ఆయన వసారాలో పేపరు చదువుతున్నారు. నా మెడ వంక చూశారు. పేపరు వంక చూశారు. మళ్ళీ నా మెడ వంక చూశారు.

"ఎక్కడ దొరికింది?"

"పోతేగా దొరకడానికి. పదండి, స్టేషన్‌కు."

వీధి వెంట నడిచాం. ఆయన పది అడుగులు వెనక, మేమిద్దరం వేరువేరు పనుల మీద వెళుతున్నట్టు.

ఎస్సై లేచి నిలబడ్డాడు. "దొరికిందా మేడమ్? ఏడ పారేసి పోయింది?"

"ఎవరూ పారెయ్యలేదు. నేనే తీసి దాచాను. నాలుగో తారీఖున ఖాళీ పెట్టె ఇచ్చి నేనే తోమమన్నాను. ఆమె చెప్పింది అక్షరం పొల్లుపోకుండా నిజం."

తిరుపతి నవ్వాడు, చాలా మర్యాదగా. "నాకు తెల్వదా మేడమ్. మీది పెద్ద మనసు. ఆమె భయపడి తెచ్చిచ్చింది, పాపమని మీరు మీద వేసుకుంటున్నరు."

మా ఆయన ఇంకో దారి చూపించారు. "వయసు తిరుపతీ. ఈ మధ్య ఏదేదో అంటోంది. ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటుంది."

జాలి, మతిమరుపు. రెండింట్లో ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. దొంగతనం మాత్రం నా స్థాయికి అందుబాటులో లేదు. బల్ల మీద కూర్చున్న జంపక్కకు అదొక్కటే అందుబాటులో ఉంది.

కవరు టేబుల్ మీద పెట్టాను. "హారం చుట్టిన కాగితం ఇది. ల్యాబుకు పంపండి. నిన్‌హైడ్రిన్ వేస్తారు. చెమటలోని అమైనో ఆమ్లాలు దానితో కలిసి ఊదారంగుకు వస్తాయి. ఎవరు చుట్టారో, ఎవరు విప్పారో కాగితమే చెబుతుంది. జంపక్క వేలు ఒక్కటున్నా నేను అబద్ధాలకోరును. లేకపోతే ఎవరిని రిమాండ్‌కు పంపాలో మీరే తేల్చుకోండి."

"మేడమ్, గింత దూరం ఎందుకు..."

"తెల్లకాగితం ఇవ్వండి. వాంగ్మూలం రాసి సంతకం పెడతాను. వేలిముద్ర కూడా వేస్తాను, మీ మిషన్ ఒప్పుకుంటే."

రెండు పేజీలు రాశాను. పై అధికారికి ఫోన్ చేసి వచ్చి, రిపోర్టు వచ్చేదాక ఎవరినీ రిమాండ్‌కు పంపనన్నాడు ఎస్సై. అప్పుడు జంపక్క లేచింది.

"సారూ, రేపు పొద్దుగాల రావాల్నా? పువ్వు ఏరుకోవాలె."

"వద్దు పో."

నా వైపు చూడకుండా వెళ్ళింది. చూస్తే ఏం చెప్పాలో దారి పొడుగునా తయారు చేసుకుని వెళ్ళాను. బాగా కుదిరిన వాక్యాలు.

మార్చి 22

మా ఆయన నాతో మాట్లాడడం మానేశారు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

మార్చి 26

చాంది ఫోన్.

"పదకొండు ముద్రలు వచ్చినయ్ మేడమ్, ఊదారంగుల. తొమ్మిది మీవి. జంపక్కది ఒక్కటి గూడ లేదు."

"మిగతా రెండు?"

అవతల తలుపు వేసిన చప్పుడు. "కంప్యూటర్‌కు ఇస్తే వరుసల అందరికన్న పైన నా పేరొచ్చింది. మా వేళ్ళు గూడ అందులో పెడ్తరు, పొరపాటున తగిలితే తెలవాలని. గ్లోవ్స్ లేకుంట ముట్టుకున్నవా అని మా సార్ ఒక గంట తిట్టిండు. నేను ముట్టుకోలేదు అంటే నమ్మడు. కాగితం తిప్పి చూస్తే నా ప్రీఫైనల్ పేపర్ మేడమ్."

చేతికందిన పేపరు. ఎవరిదో చూడలేదు. పన్నెండేళ్ళ కిందటి చెమట. పరీక్ష హాల్లో ఆ పిల్ల ఎంత భయపడిందో ఇన్నాళ్ళకు తెలిసింది.

"ఎన్ని మార్కులు వేశాను?"

"అరవైకి యాభైఆరు. నాలుగు కోసిండ్రు. ఈక్వేషన్ బ్యాలెన్స్ చెయ్యలేదని."

"ముట్టుకోలేదంటే నమ్మలేదన్నావు. నీకెలా అనిపించింది?"

"గంటసేపే గదా మేడమ్" అంది.

రిపోర్టు మీద వేరే అధికారి సంతకం చేస్తాడట. పెట్టేసేముందు ఒక మాట చెప్పింది. జంపక్క వేళ్ళన్నీ అరిగిపోయాయి, ఎడమ చేతి ఉంగరపు వేలు ఒక్కటే చక్కగా ఉంది. పెట్టె లోపల అంత స్పష్టంగా పడింది అదేనట. రేషన్ షాపులో ఎప్పుడూ బొటనవేలూ చూపుడువేలే పెట్టిస్తారు. ఆ సంగతి వేరే కాగితం మీద రాసుకున్నాను.

మార్చి 30, ఉగాది

కేసు మూసేశారు. "పొరపాటు వలన" అని రాశారట. ఎవరి పొరపాటో రాయలేదు.

మా ఆయన కమిటీ వాళ్ళకు హారం కోర్టు స్వాధీనంలో ఉందనీ, వచ్చేసరికి చాలా కాలం పడుతుందనీ చెప్పారు. నేను మెడలోని హారం మీద చీర కొంగు కప్పుకుని పచ్చడి గిన్నెలు అందించాను. నల్లరాయి ఆగిపోయింది.

జంపక్క పనికి రాలేదు. ఇత్తడి నేనే తోమాను. నెలలో రెండోసారి. వేళ్ళ చివరలు మండుతున్నాయి.

ఏప్రిల్ 3

రేషన్ షాపుకు సన్నబియ్యం వచ్చాయి. ఆ లైను చూస్తే నవమి కల్యాణం కూడా చిన్నబోతుంది. జంపక్క ఒక్కతే వచ్చింది. బొజ్జయ్య గెలల పనిలో ఉన్నాడు. పక్కన నిలబడ్డాను. పువ్వు ఏమాత్రం దొరికిందని అడిగాను.

"సగం పోయింది."

తయారు చేసుకున్న వాక్యాలు చాలా ఉన్నాయి. అందులో ఒక్కటే వచ్చింది. "నేను తప్పు చేశాను జంపక్కా."

"అవ్" అంది.

డీలర్ సమ్మయ్య బొటనవేలు పెట్టించాడు. పడలేదు. చూపుడువేలు. పడలేదు. "గిది ఎప్పుడూ గింతే, మీ ఆయనను పంపియ్" అన్నాడు.

"ఎడమ చేతి ఉంగరపు వేలు పెట్టించు" అన్నాను.

"గా వేలు ఎవ్వరు పెట్టరు టీచరమ్మా."

"పెట్టించు. పోలీసులు పరీక్ష చేసిన వేలు అది."

పెట్టింది. మిషన్ కాసేపు ఆలోచించి కాదంది. బూడిదా సబ్బూ ముట్టుకుని వేలు ఎండు కట్టెలా ఉంది. తడి కాదు, కొంచెం జిడ్డు కావాలి. జంపక్క నుదుటి మీద దుమ్ము. నేను పొద్దున తలంటుకోలేదు, నూనె పెట్టుకున్నాను.

"నా నుదుటి మీద రుద్దు" అన్నాను.

లైనంతా చూస్తోంది. జంపక్క కూడా చూసింది, మార్చి పద్దెనిమిది తర్వాత మొదటిసారి, నేరుగా. చెయ్యి ఎత్తి ఉంగరపు వేలు నా నుదుటి మీద పెట్టి రుద్దింది. మెల్లగా ఏమీ కాదు, అడుగంటిన గిన్నెను రుద్దినట్టు. తర్వాత మిషన్ మీద పెట్టింది.

కీచుమంది. పచ్చలైటు. ఆమె పేరు పలికింది, మూడేళ్ళకు.

సమ్మయ్య తూకం వేశాడు. ముల్లు నిలిచేదాకా ఆమె కదల్లేదు. సంచి మూతి కట్టుకుంటూ అడిగింది.

"ఇత్తడి ఎవరు తోముతున్నరు ఇప్పుడు?"

"నేనే."

"నేను రాను టీచరమ్మా."

"తెలుసు."

సంచి నెత్తికెత్తుకుంది. నేను చెయ్యి వేయబోతే తనే సర్దుకుంది.

"చింతపండు ఎక్కువ వెయ్యకుండ్రి. ఉన్న నాలుగు గీతలు గూడ పోతయ్. మల్ల మీరు చెప్పింది ఎవ్వరు నమ్మరు."